చెంచాతో తింటే రాజీ కాదు

మా ఇంట్లో సొట్ట లేని స్టీలు కంచం లేదు. కూరలో ఉప్పు తక్కువైతే నాన్న కంచాన్ని గోడకు కొట్టేవాడు. ఉప్పు సరిపోతే ఇంకో కారణం దొరికేది. అమ్మ ఆ కంచం తీసి, కడిగి, సొట్టను లోపలి నుంచి రోకలితో కొట్టి, మళ్లీ అందులోనే అన్నం పెట్టేది. నేను, తమ్ముడు, బాబాయి కొడుకు ముగ్గురం ఆ కంచాల్లోనే తిని పెరిగాం. బాబాయి కొడుకు మాలో అందరికంటే చిన్న, అందుకని వాణ్ణి చిన్నోడు అనే పిలిచేవాళ్లం. రెండు ఇళ్లకూ మధ్య గోడ ఒక్కటే. ఇటు నాన్న కొడుతుంటే మేం గోడ దూకి అటు పోయేవాళ్లం. అటు బాబాయి కొడుతుంటే చిన్నోడు ఇటు దూకేవాడు. అన్నదమ్ములిద్దరికీ ఒకేసారి పూనకం వచ్చిన రోజు ముగ్గురం గడ్డివాము వెనక కూర్చునేవాళ్లం. మా వంశంలో కోపం ముక్కు మీద ఉండదు, అరచేతిలో ఉంటుంది. నాకూ ఉంది. ఆడపిల్లను కాబట్టి అది నోట్లోకి చేరింది, అంతే తేడా.

మా తాత కృష్ణా వైపు నుంచి వచ్చి, పాల్వంచ దాటాక అడవి మొదలయ్యే చోట పొలం చేసుకున్నాడు. ఆయన పోయాక నాన్న, బాబాయి మధ్యలో గట్టు వేసుకుని పంచుకున్నారు. మిర్చి, పత్తి, కొంత మొక్కజొన్న. కంకి పాలు పోసుకునే రోజుల్లో అడవిపందులు మందలుగా దిగుతాయి. తెల్లారేసరికి చేను దున్నినట్టు ఉంటుంది. కొందరు మంచె మీద కూర్చుని డబ్బాలు కొడతారు, కొందరు ముళ్లకంప నాటుతారు. ఓపిక లేనివాళ్లు బోరు మోటారు దగ్గర నుంచి కరెంటు లాగి చేను చుట్టూ తీగ కడతారు. అది నేరమని అందరికీ తెలుసు, ఎవరెవరు కడతారో కూడా అందరికీ తెలుసు. బాబాయికి ఓపిక అన్నది పుట్టుకతోనే లేదు.

నేను అప్పటికే హైదరాబాద్‌లో ఉన్నాను. హోటల్ వంట నేర్చుకుని, నాలుగు చోట్ల చేసి, చివరికి జూబ్లీహిల్స్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంట్‌లో పాస్తా చేసే పనికి కుదిరాను. ఇటలీ మనిషిని మాత్రం ఆ వంటగదిలో నేనెప్పుడూ చూడలేదు. పెద్ద చెఫ్‌ది బెంగాల్, మిగతావాళ్లవి జార్ఖండ్, ఒడిశా. బయట హాల్లో తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు, సన్నటి సంగీతం, గుసగుసగా మాట్లాడుకునే జనం. మధ్యలో ఒక తోపుడు తలుపు. తలుపుకు ఇటువైపు బూతులు, మంట, విసిరిన గరిటెలు. నేను చేరిన రోజే పాస్తా ఎక్కువ ఉడికించాడని పెద్ద చెఫ్ ఒకడి మీదికి కాలుతున్న పెనం విసిరాడు. అది వాడి చెవి పక్కగా పోయి నేల మీద పడి గిరగిరా తిరిగింది. అందరూ బిక్కచచ్చిపోయారు. నాకు మాత్రం ఇంటికొచ్చినట్టు అనిపించింది. వంగి పెనం తీసి, కడిగి, సొట్ట పడిందేమో చూసి పొయ్యి మీద పెట్టాను.

ఊళ్లో జరిగింది నాకు అమ్మ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. తర్వాత తమ్ముడు చెప్పాడు, చాలా రోజులకు చిన్నోడూ చెప్పాడు. ముగ్గురి మాటలూ కలిపి చూస్తే జరిగింది ఇదీ. మా చూడి బర్రె పలుపు తెంపుకుని గట్టు దాటి బాబాయి చేలోకి పోయి, తీగకు తగిలి చచ్చింది. తెల్లవారాక తమ్ముడు దాన్ని వెతుక్కుంటూ, దారిలో కంప కొట్టుకు రావచ్చని గొడ్డలి భుజాన వేసుకుని పోయాడు. బర్రె కాళ్లు చాచి పడి ఉంది. మెడ కింద చర్మం కాలి వాసన వస్తోంది. పక్కనే చిన్నోడు కూర్చుని, ఎవరూ చూడకముందే తీగ విప్పేస్తున్నాడు. విప్పమని పంపింది బాబాయి.

"ఏందిరా ఇది? కడుపుతోటి ఉన్న జీవాన్ని సంపుతర్రా?" అని తమ్ముడు అరిచాడు.

"నేను కట్టలే అన్నా. నాయన కట్టిండు. నేను వద్దనే అన్న" అన్నాడు చిన్నోడు.

మొదటి వేటు తమ్ముడు తీగ చుట్టిన గుంజ మీద వేశాడు. రెండోది చిన్నోడి మీద. వాడు మొహానికి అడ్డంగా కుడిచెయ్యి ఎత్తాడు. మూడు వేళ్లు మొక్కజొన్నలో ఎక్కడో పడ్డాయి. ఎవరూ వెతకలేదు. గొడ్డలి అక్కడే పారేసి, తువ్వాలతో ఆ చెయ్యి చుట్టి, చిన్నోణ్ణి తన బండి మీదే వెనక కూర్చోబెట్టుకుని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయిందీ తమ్ముడే. దారి పొడుగునా "నిద్రపోకురా, నా నడుం గట్టిగ పట్టుకో" అంటూనే ఉన్నాడట. పోలీసులు వచ్చేసరికి దవాఖానా వరండాలో చొక్కా అంతా నెత్తురుతో కూర్చుని ఉన్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నారని ఊరంతా అంది. సామెత మా ఇంట్లో ఉన్నదున్నట్టుగా జరిగింది.

తమ్ముడికి బెయిలు వచ్చింది గాని, చిన్నోడి దరిదాపులకు పోకూడదని షరతు పెట్టారు. వకీలు విషయం తేల్చి చెప్పాడు. చేలో అప్పుడున్నది వాళ్లిద్దరే. కోర్టులో చిన్నోడు "వీడే కొట్టిండు" అంటే తమ్ముడు జైలుకు పోతాడు. "ఎవరో చూడలేదు" అంటే ఇంటికి వస్తాడు. అమ్మకు ఆ ఒక్క మాట పట్టుకుంది. నిద్రలో కూడా "వాడితో ఆ మాట అనిపియ్యి బిడ్డా" అని నన్నే కలవరించేదని నాన్న చెప్పాడు. చెప్పిన నాన్నే వెంటనే "వాడి కాళ్లు పట్టుకునేది లేదు" అని ఫోన్ పెట్టేశాడు.

మా వాళ్లలో రాజీ కాగితం మీద కుదరదు, బంతిలో కుదురుతుంది. రెండు వైపుల వాళ్లూ ఒకే బంతిలో కూర్చోవాలి. కొట్టినవాడు తన చేత్తో అన్నం వడ్డించాలి. దెబ్బ తిన్నవాడు కలుపుకుని మొదటి ముద్ద మింగాలి. మధ్యలో ఒక పెద్దమనిషి నిలబడి అది చూడాలి. ముద్ద లోపలికి పోతే పగ పోయినట్టే, ఆ తర్వాత ఎవరైనా పాత మాట ఎత్తితే ఊరు ఊరంతా వాడి మొహాన ఉమ్ముతుంది. ఈ పెద్దమనిషి పని మా మేనమామది. సత్తుపల్లి వైపు ఉంటాడు. ఎన్నో బంతులు కలిపినవాడు, అందుకే ఆయనకు తాను దేవుడి కంటే ఒక మెట్టే తక్కువ అని నమ్మకం.

బెయిలు షరతును పక్కన పెట్టి మొదటి బంతి ఊళ్లో పెట్టారు. విస్తళ్లు వేయకముందే నాన్నా బాబాయీ కుర్చీలు ఎత్తుకున్నారు. రెండోది మామయ్య ఇంట్లో పెట్టారు. తమ్ముణ్ణి పక్క గదిలో ఉంచి, చిన్నోడు వచ్చాక పిలుద్దామనుకున్నారు. చిన్నోడు అసలు రానే లేదు. "నీ కొడుక్కు ఎంత పొగరురా" అని నాన్న, "వేళ్లు తీసినోడికంటే పొగరా" అని బాబాయి, తర్వాత మామయ్య ఇంటి కిటికీ అద్దాలు. అక్కడితో ఆ సీమలో మాకు అన్నం పెట్టే ఇల్లు లేకుండా పోయింది.

అప్పుడు నాకు తట్టింది, మా రెస్టారెంట్. మావాళ్లు అరవడానికి కూడా జంకే చోటు భూమ్మీద ఏదైనా ఉంటే అదే అనుకున్నాను. ఆ తెల్లటి గుడ్డలు, ఆ గాజు గ్లాసులు, ఇంగ్లీషులో గొణిగే జనం చూస్తే నాన్న గొంతు కూడా గుళ్లోకి వచ్చినట్టు దిగుతుందని నా లెక్క. చిన్నోడు కూడా అప్పటికి హైదరాబాద్‌లోనే ఉంటున్నాడు. పొలం పని చేయలేక, ఒక అపార్ట్‌మెంట్‌లో కెమెరాలు చూసే కొలువులో చేరాడు. ఒకే ఊళ్లో ఉండి కూడా నన్ను కలవలేదు. పిలిస్తే డ్యూటీ అనేవాడు. ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"అక్కా, ఆడ అందరు చెంచాలతోటే తింటరు గదా?" అన్నాడు.

"అవ్, చెంచా ఉంటది, ఫోర్క్ ఉంటది. భయపడకు, నేను నేర్పిస్త."

"అయితే వస్త" అన్నాడు.

ఫోర్క్ పట్టుకోవడం రాదని సిగ్గుపడుతున్నాడు కాబోలు అనుకుని నవ్వుకున్నాను.

బంతికి అన్నమే ఉండాలి, రొట్టె పనికిరాదు. ఇటాలియన్ వంటల్లో అన్నం అంటే రిజోటో. పొట్టి బియ్యాన్ని వెన్నలో వేయించి, కూరగాయల నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, చివర్లో చీజ్ కలిపి ముద్దగా దించుతారు. మావాళ్లు అది అన్నమేనని ఒప్పుకోవడానికి ఎండుమిర్చి, వెల్లుల్లి కాస్త ఎక్కువే వేశాను. మేనేజర్ని బతిమాలి, మధ్యాహ్నం రద్దీ తగ్గాక మూల బల్ల తీసుకున్నాను. చుట్టాలు భోజనానికి వస్తున్నారని చెప్పాను. అబద్ధం కాదు కదా.

వచ్చారు. అమ్మ కొత్త చీర కట్టుకుని, చెప్పులు బయట విప్పాలా అని గుమ్మం దగ్గర ఆగింది. నాన్న ఆలివ్ కాయను నేరేడు పండు అనుకుని నోట్లో వేసుకుని, ఉమ్మడానికి చోటు లేక మింగాడు. బాబాయి ఒక్కడే వచ్చాడు, పిన్ని రానందట. తమ్ముడు తల దించుకుని గోడ వైపు కూర్చున్నాడు. చిన్నోడు చివరికి వచ్చాడు. నీలం యూనిఫాం చొక్కా, కుడిచెయ్యి ప్యాంటు జేబులో. వాడు గుమ్మంలోకి రాగానే తమ్ముడు లేచి నిలబడ్డాడు, మళ్లీ ఏం చేయాలో తెలియక కూర్చున్నాడు. చిన్నోడు ఎడమ చేత్తో కుర్చీ లాక్కుని, చెంచా ఎడమ పక్కకు మార్చుకున్నాడు. నేను చూశాను. చూసినా నాకేమీ తట్టలేదు.

నా లెక్క నిజమే అయింది. ఎవరూ గొంతెత్తలేదు. బాబాయి పళ్లు కొరుకుతూనే మెల్లగా మాట్లాడాడు. నాన్న మెనూ కార్డును తలకిందులుగా పట్టుకుని చదువుతున్నట్టు నటించాడు. మామయ్య బల్ల కొసన కూర్చుని, గొంతు సవరించుకుని, "ఇక కానియ్యండి" అన్నాడు.

నేనే వంటగదిలోకి పోయి గిన్నె తెచ్చాను. మందపాటి పింగాణీ గిన్నె, రెండు చేతులా పట్టుకోవాల్సినంత బరువు. తమ్ముడి చేతిలో పెట్టాను. వాడు చిన్నోడి పక్కకు వచ్చి గిన్నె వంచి వడ్డించాడు. రెండు మెతుకులు బల్ల మీద పడ్డాయి.

"తినరా" అన్నాడు తమ్ముడు. అప్పటి దాకా వాడి నోటి నుంచి వచ్చిన మాట అదొక్కటే.

చిన్నోడు ఎడమ చేత్తో చెంచా తీసుకున్నాడు. అమ్మ రెండు చేతులూ జోడించింది. ఇంత సులువుగా అయిపోతుందని తెలిస్తే ముందే చేసేదాన్ని కదా అనుకున్నాను.

"ఆగు" అన్నాడు మామయ్య. "చెంచా కింద పెట్టు. చేత్తో తినాల్రా. కుడిచేత్తో. చెంచాతో తింటే రాజీ ఎట్టయిద్ది?"

"ఇక్కడ అందరూ చెంచాతోనే తింటారు మామయ్యా" అన్నాను.

"వాళ్లది రాజీ గాదు, భోజనం. మనది బంతి. కలిపి ముద్ద చేసి మింగితేనే చెల్లుద్ది. రేపు కోర్టులో వీడు మాట మారిస్తే నా మొహాన ఉమ్మేది ఊరు."

"అవ్, పద్ధతి పద్ధతే" అన్నాడు నాన్న. విచిత్రంగా బాబాయి కూడా తల ఊపాడు. ఆ ఇద్దరికీ జీవితంలో కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

చిన్నోడు నా వైపు చూశాడు. ఫోన్లో వాడు చెంచాల గురించి ఎందుకు అడిగాడో అప్పుడు నాకు తెలిసింది. రెండో బంతికి ఎందుకు రాలేదో కూడా. నన్ను కలవకుండా డ్యూటీ అని ఎందుకు తప్పించుకున్నాడో కూడా. మేమందరం వాడి చేత ముద్ద మింగించడానికి తిరిగాం గాని, ఆ ముద్ద దేనితో కలుపుతాడని ఒక్కరం ఆలోచించలేదు. నాకు ఒళ్లంతా మండిపోయింది. "అవసరం లేదు, చెంచాతోనే తిను" అని నేను అనేలోపే వాడు జేబులోంచి చెయ్యి తీశాడు.

బొటనవేలు, చిటికెన వేలు మిగిలాయి. మధ్యలో ఎర్రగా ముడుచుకున్న చర్మం. వాడు ఆ చేతిని పళ్లెంలో పెట్టాడు. రిజోటో పొయ్యి మీంచి దించింది దించినట్టే ఉంది, కాలుతోంది. కలపబోయాడు. రెండు వేళ్ల మధ్య నుంచి అన్నం జారిపోయింది. మళ్లీ పోగుచేసి, చేతిని ఒక పక్కకు వంచి నోటి దాకా తెచ్చాడు. మొత్తం చొక్కా మీద పడింది.

"పర్లా, మళ్లీ తియ్యి. ఒక్క ముద్ద లోపలికి పోతే చాలు" అన్నాడు మామయ్య.

వాడు మూడోసారి చెయ్యి పెట్టాడు. అప్పుడు తమ్ముడు, చేతిలో ఉన్న గిన్నెను రెండు చేతులా ఎత్తి మామయ్య మొహం మీద కొట్టాడు.

ముక్కు విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. మామయ్య కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. తన కొడుకు పక్కన నిలబడి తమ్ముడు ఏదో ఎత్తడం, కొట్టడం మాత్రమే బాబాయికి కనిపించినట్టుంది. "మళ్ల నా కొడుకు మీదికేనారా" అని నీళ్ల సీసా అందుకుని తమ్ముడి నెత్తి మీద బద్దలు కొట్టాడు. తమ్ముడు తప్పుకోలేదు, చేతులు అడ్డం పెట్టుకోలేదు. నెత్తురు చెవి మీదుగా దిగి తెల్లటి గుడ్డ మీద పడింది. నాన్న బల్లను అమాంతం ఎత్తి బాబాయి మీదికి తోశాడు. అన్నదమ్ములిద్దరూ గాజు పెంకుల్లో పడి ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. ఆ వయసులో ఆ బలం ఎక్కడిదో. పక్క బల్లల వాళ్లు లేచి ఫోన్లు పైకెత్తారు. సన్నటి సంగీతం మాత్రం ఆగలేదు.

నేను తలుపు తోసి వంటగదిలోకి పరిగెత్తాను. పిజ్జాలు పొయ్యిలోకి తోసే పొడుగాటి చెక్క తెడ్డు ఒకటుంటుంది. అది పట్టుకొచ్చాను. ముందు నాన్న వీపు మీద వేశాను. తర్వాత బాబాయి వీపు మీద. మళ్లీ నాన్న వీపు మీద. ఆపడానికి కొట్టానని ఇప్పటికీ అందరికీ చెబుతాను గాని, నాన్న మీద వేసిన ఆ రెండు దెబ్బలూ ఆపడానికి కాదు. కొడుతుంటే నాకు హాయిగా ఉంది. తెడ్డు విరిగేదాకా హాయిగానే ఉంది.

వాళ్లను విడదీసింది నేను కాదు, చిన్నోడు. మధ్యలో దూరి, ఎడమ చేత్తో వాళ్ల నాన్న చొక్కా, మోచేత్తో మా నాన్న గొంతు పట్టి తోశాడు. "సిగ్గు లేదా మీకు? చెయ్యి పోయింది నాది. మీరెందుకు కొట్టుకుంటున్నరు?" అని వాడు అరిచిన అరుపుకు హాల్లో ఒక పసిపిల్ల ఏడుపు ఎత్తుకుంది.

పోలీసులు వచ్చారు. నేల మీద ముక్కు పట్టుకుని మామయ్య, నెత్తి మీద గుడ్డ అదిమి పట్టుకుని తమ్ముడు, చిరిగిన చొక్కాలతో నాన్న, బాబాయి, విరిగిన తెడ్డుతో నేను. "ఎవరు ఎవర్ని కొట్టిన్రు?" అని ఎస్సై అడిగాడు.

"ఎవ్వర్ని ఎవ్వరు కొట్టలే సార్. నేల నున్నగుంది, జారిపడ్డం" అన్నాడు బాబాయి.

"అందరూనా?"

"అవ్ సార్, ఒకర్ని లేపబోయి ఒకరం" అన్నాడు నాన్న. మామయ్య ముక్కులోంచి నెత్తురు కారుతుండగానే అవునని తల ఊపాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మావాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎస్సైకి నవ్వాలో తిట్టాలో తెలియక, ఊరికి పొమ్మని బస్సెక్కేదాకా ఒక కానిస్టేబుల్‌ని తోడు పంపాడు. నా ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. ఇలాంటి కొట్లాట మనుషులకు ఈ వంటగదిలో చోటు లేదని చెప్పింది ఎవరనుకున్నారు, ఆ పెనాలు విసిరే పెద్ద చెఫ్ గారే.

రాజీ చెడిందని మామయ్య ప్రకటించాడు. ముద్ద మింగలేదు కాబట్టి బంతి లెక్కలోకి రాదన్నాడు. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఆ హోటల్ ఆలోచన నాదే కదా. అన్ని వైపులా తలుపులు మూసుకున్న ఆ రోజుల్లో ఒక పొద్దున చిన్నోడు మా ఇంటికి వచ్చాడు. హైదరాబాద్‌లో మా ఇంటికి వాడు రావడం అదే మొదలు. చెయ్యి జేబులో పెట్టుకోలేదు. టీ ఇస్తే ఎడమ చేత్తో తాగాడు.

"అక్కా, కోర్టుల నేను చూడలే అనే చెప్త. పెదనాయనకు, మా నాయనకు ఇప్పుడే చెప్పకు. మళ్ల బంతి పెడ్తరు" అన్నాడు.

"వాడి మీద నీకు కోపం లేదారా?"

"ఎందుకు లేదే? శానా ఉంది. సచ్చేదాక ఉంటది. కని ఆ రోజు మామయ్యను కొట్టిండు సూడు, అది నా కోసమే కొట్టిండు. గది సాలు నాకు."

నేను పైట నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వాడు టీ కప్పు కడిగి పెట్టి వెళ్లిపోయాడు.

కొత్తగూడెం కోర్టులో వాడి సాక్ష్యం రోజు మేమందరం పోయాం. సర్కారు వకీలు అడిగాడు, దెబ్బ ఎవరు వేశారని. "పొద్దున మంచు ఉండె సార్. ఎనక నుంచి వచ్చిన్రు. ఎవరో చూడలే" అన్నాడు చిన్నోడు. ఆ వకీలు దగ్గరికి వచ్చి, "మొహానికి అడ్డం పెట్టిన చెయ్యి పోయింది, మొహం చూళ్లేదంటావా? ఏదీ, ఆ చెయ్యి జడ్జి గారికి చూపించు" అన్నాడు. చిన్నోడు చెయ్యి పైకెత్తాడు. ఎత్తి అలాగే పట్టుకుని, "అయినా చూడలే సార్" అన్నాడు. అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. గెలిచాం అనుకున్నాను.

"అబద్ధం. నేనే కొట్టిన" అన్నాడు తమ్ముడు.

మా వకీలు వాడి నోరు మూయబోయాడు. జడ్జి గారు కూర్చోమన్నారు, నిన్ను అడిగే రోజు వస్తుంది, అప్పుడు ఆలోచించుకుని చెప్పమన్నారు. ఈ లోపల వాడి కాళ్లు పట్టుకోని మనిషి లేడు. అమ్మ అన్నం మానేసింది. నాన్న పాత పద్ధతిలో బెల్టు కూడా తీశాడు, మీసాలొచ్చిన కొడుకు మీద. తమ్ముడు నిలబడి ఆ దెబ్బలు తిన్నాడు. నేను ఫోన్లో నా నోటికొచ్చినవన్నీ తిట్టాను.

"వాడు ఆ చెయ్యి లేపి అబద్ధమాడుతుంటే, ఇంటికి పోయి నేను అన్నం ఎట్ల కలుపుకోవాల్నే?" అన్నాడు.

అడిగిన రోజు కూడా వాడు అదే మాట చెప్పాడు. తీర్పు రోజు చిన్నోడు కూడా వచ్చాడు. తమ్ముడికి శిక్ష పడింది. పోలీసులు వాణ్ణి వరండాలోకి తీసుకొచ్చారు. అమ్మ స్తంభానికి చేరబడి గుండెలు బాదుకుంటోంది. నాన్న ఒక మూల, బాబాయి ఇంకో మూల. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"నేను మాఫ్ చేద్దామనుకున్న. గది గూడ చెయ్యనియ్యలే నువ్వు" అన్నాడు చిన్నోడు తమ్ముడితో. గొంతు పగిలిపోయింది వాడికి.

నేను పోలీసులను తోసుకుని పోయి తమ్ముడి చెంప మీద కొట్టాను. పుట్టిన దగ్గర నుంచి వాడి మీద నేను చెయ్యి చేసుకోలేదు. నాన్న కొడుతుంటే అడ్డం పడినదాన్ని నేను. రెండోది ఇంకా గట్టిగా కొట్టాను. అమ్మ కోసం కొట్టాను, పోయిన ఉద్యోగం కోసం కొట్టాను, వాడు చేసింది సరైన పని అయినందుకు కొట్టాను. వాడు కళ్లు మూసుకుని మొహం ఇంకొంచెం ముందుకు పెట్టాడు. అది చూసి నాకు పిచ్చి పట్టినట్టయింది. మూడోసారి చెయ్యి ఎత్తాను.

వెనక నుంచి ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. విడిపించుకోవాలని గుంజాను, రాలేదు. తిరిగి చూస్తే చిన్నోడు.

"ఇగ సాలక్కా" అన్నాడు.

కుడిచేత్తో పట్టుకున్నాడు. ఉన్నవి రెండు వేళ్లే. అయినా నా చెయ్యి కదల్లేదు.